జెన్షన్ వయొలెట్

పాలు త్రాగే శిశువు నాలుకమీద తెల్లని పూత కనిపించితే పాలపెరుగే అంటుకొన్నదని తల్లులు అనుకొంటారు. పాలయితే మెత్తని తడిగుడ్డకు సులభంగా వచ్చివేస్తుంది. రాకపోయినా, వచ్చినచోట ఎఱ్ఱని పచ్చిదనం బయటపడినా, అది కాండిడా అనే బూజుజాతి జీవి పని కావచ్చును. మధుమేహరోగులకు, యాంటీబయాటిక్ మందులు చాలరోజులు వాడినవారికి, కట్టుడుపళ్ల వృద్ధులకు కూడ ఈ పూత వస్తుంది. దీనికి తరతరాలుగా పూస్తూవచ్చిన ఊదారంగు మందే జెన్షన్ వయొలెట్.

ఇది 19వ శతాబ్దంలో బట్టల అద్దకానికి పుట్టిన కృత్రిమ రంజనం. జెన్షన్ పువ్వు ఛాయను పోలినందున ఆ పేరు వచ్చినదే గాని ఆ మొక్కతో దీనికి సంబంధం లేదు. 1884లో డెన్మార్కు వైద్యుడు గ్రామ్ సూక్ష్మజీవులకు ఈ రంగు పట్టించి, ఆల్కహాలుతో కడిగి చూచినాడు. కొన్ని జాతులు రంగును విడిచినవి, కొన్ని విడువలేదు. నేటికీ ప్రయోగశాలలలో ఈ పరీక్షయే మొదటిది. 1912లో అమెరికాలో చర్చ్‌మన్ మరొక సంగతి చూపినాడు: రంగును పట్టుకొనే జాతులే ఈ మందుకు ఎక్కువగా లొంగుతవి.

నీటిలో కరగినప్పుడు ఈ రంజనం ధనావేశంగల అయాను అవుతుంది. అది కణంలో చొరబడి డి.ఎన్.ఎ. వంటి ఋణావేశంగల పదార్థాలకు అంటుకొంటుంది. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. డి.ఎన్.ఎ. మన కణాలలో కూడ ఉన్నది గదా! చిట్టెలుకలకు దీర్ఘకాలం మేతలో కలిపి పెట్టగా వాటికి కణితులు పుట్టినవి. అందుచేత 2019లో కెనడా ఆరోగ్యశాఖ దీని వాడకం మానవలసినదని ప్రజలను హెచ్చరించినది. నిస్టాటిన్, క్లోట్రిమజోల్ వంటి మందులు దొరికేచోట వైద్యులు నేడు వాటినే ముందు వాడుతున్నారు.

వైద్యుడు దీనినే వ్రాసినపుడు గాఢత ముఖ్యం. శిశువుల నోటికి వాడేది పావు శాతం ద్రావణం. అంగడిలో దొరికేది సాధారణంగా అర శాతమో, ఒక శాతమో ఉంటుంది. అర శాతానికి సమానంగా, ఒక శాతానికి మూడింతలు, కాచి చల్లార్చిన నీరు కలిపితేనే లెక్క సరిపోతుంది. చిక్కని మందు త్వరగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. అది నోటి మెత్తని పొరను కొరికి కొత్త పుండ్లు కలిగిస్తుంది. ఎక్కువ మింగితే వాంతులు కావచ్చును.

నోటిలోని ప్రతి పుండుకు ఈ రంగు పూయడం మరొక అలవాటు. తరచుగా వచ్చే చిన్న నోటిపూతకు కారణం బూజు కాదు. పొగాకు నమిలేవారిలో, ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ పీల్చేవారిలో రెండు మూడు వారాలకైనా మానని పుండు క్యాన్సరు కావచ్చును. దానిమీద ఊదారంగు పూసివుంటే పుండు అంచులు, సహజమైన రంగు వైద్యుని కంటికి కనబడవు.