డల్లాస్ కారు వినుకొండ రోడ్డెక్కాలంటే

డల్లాస్‌లోనో అట్లాంటాలోనో పదేళ్లు ఉద్యోగం చేసి, పెద్దవాళ్లయిపోతున్న అమ్మానాన్నల కోసమో పిల్లల చదువు కోసమో తిరిగొచ్చేస్తున్న కుటుంబాలు వినుకొండ, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నాయి. సామాను కంటైనర్‌కి ఎక్కించే రోజు దగ్గరపడేకొద్దీ ఇంట్లో ఒక మాట వస్తుంది: కారు సంగతేంటి? కొని రెండేళ్లయినా కాలేదు, అక్కడ అమ్మితే సగం ధర రాదు. "కంటైనర్‌లో చోటుంటే అదీ ఎక్కించెయ్ బావా, ఇక్కడ అలాంటి కారు మళ్లీ దొరకదు" అని ఫోన్లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు.

ఆ సలహా వింటే నష్టపోతారు. అమెరికాలో కొని వాడుకున్న మామూలు కారుని మన దేశానికి తెచ్చి రిజిస్టర్ చేయించుకోవడం దాదాపు కుదరని పని. అది మంచి కారు కాదని కాదు. అక్కడి రోడ్డుకి తగ్గట్టు చేసి, అక్కడి పద్ధతిలో ధ్రువీకరించిన కారు అది. మన రోడ్డుకి తగినదని చూపించే కాగితం దానికి లేదు, తెప్పించుకుందామన్నా ఇచ్చేవాళ్లు లేరు. ఎందుకో కాస్త ఓపిగ్గా చూద్దాం.

విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ పెట్టిన షరతుల ప్రకారం, వాడిన కారు తెచ్చుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపున ఉండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపించాలి. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి సరిపోవాలి. కనీసం ఐదేళ్లు రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉండాలి. ఓడ ఎక్కేముందు అక్కడ ఒక ధ్రువపత్రం, దిగాక ఇక్కడ మళ్లీ పరీక్ష. దిగడం కూడా ముంబై రేవులోనే. విశాఖ, కృష్ణపట్నం మనకి ఎంత దగ్గరైనా వాడిన కారు అక్కడ దిగడానికి లేదు. అమెరికా కారుకి స్టీరింగ్ ఎడమవైపున ఉంటుంది కాబట్టి, మిగతావి చూడక ముందే ఇక్కడే ఆగిపోతుంది.

మరి ఢిల్లీలో ఎంబసీ వాళ్ల కార్లు కొన్ని ఎడమ స్టీరింగ్‌తో తిరుగుతాయి కదా అని అడుగుతారు. నిజమే. 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ఎడమ స్టీరింగ్ బండిని పూర్తిగా నిషేధించలేదు, నిర్ణీత సిగ్నల్ పరికరం పనిచేస్తూ ఉండాలని మాత్రమే చెప్పింది. అడ్డుపడేది దిగుమతి విధానం. దౌత్యవేత్తలకీ, కొద్దికాలం ఉండి కారుతో సహా వెనక్కి వెళ్లిపోయే పర్యాటకులకీ వేరే దారులున్నాయి. స్థిరపడడానికి వచ్చేవాళ్లకి ఆ దారి లేదు.

కుడి స్టీరింగ్ దేశాల నుంచి, అంటే బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ నుంచి వచ్చేవాళ్లకి ఈ గండం తప్పుతుంది. కానీ వాళ్లు డబ్బు లెక్క చూసుకోవాలి. ఇంటి సామానుకిచ్చే బ్యాగేజీ రాయితీ కారుకి వర్తించదు. వాడిన కారు మీద కస్టమ్స్ సుంకం, దాని పైన వేసే సెస్సు కలిపి 137.5 శాతం. 2025 బడ్జెట్‌లో సుంకాన్ని 70 శాతానికి తగ్గించారని వార్త వచ్చింది గానీ, మిగతాది సెస్సు రూపంలో మళ్లీ చేర్చారు కాబట్టి మొత్తం మారలేదు. రవాణా, బీమా కలుపుకుని కస్టమ్స్ వాళ్లు కారు విలువ 20 లక్షలని కట్టారనుకోండి. సుంకం 27.5 లక్షలు. అప్పటికి 47.5 లక్షలు. దాని మీద పెద్ద కార్లకి 40 శాతం జీఎస్టీ అంటే ఇంకో 19 లక్షలు. 20 లక్షల పాత కారు రేవు దాటేసరికి 66.5 లక్షలవుతుంది. రాష్ట్రంలో లైఫ్ ట్యాక్సు ఇంకా మిగిలే ఉంటుంది.

ఇదంతా ఇక్కడి కంపెనీలని కాపాడడానికే కదా అంటే, సుంకం వరకూ అవుననే నా అభిప్రాయం. ఒక్క రేవులోనే దింపాలన్న షరతుకి కూడా భద్రతతో పెద్దగా సంబంధం లేదు. కానీ స్టీరింగ్, లైట్లు, పరీక్షలు ఆ కోవలోవి కావు. రేపు సుంకం సున్నా చేసినా అవి ఉండాల్సిందే.

హెడ్‌లైటు సంగతే చూడండి. రాత్రిపూట కారుని గోడకి ఎదురుగా ఆపి డిమ్ లైటు వెయ్యండి. చాలా కార్లలో వెలుతురు పై అంచు గోడ మీద గీత గీసినట్టు అడ్డంగా ఉండి, ఒక పక్కకొచ్చేసరికి ఏటవాలుగా పైకి లేస్తుంది. మన కారులో అలా లేచేది ఎడమ పక్క. రోడ్డు అంచున నడిచే మనిషి, సైకిలు, మైలురాయి కనబడాలని ఆ ఏర్పాటు. కుడి పక్కన వెలుతురు కిందకే ఉంటుంది, ఎదురొచ్చేవాడి కళ్లల్లో పడకూడదని. అమెరికాలో బండ్లు కుడివైపున నడుస్తాయి కాబట్టి అక్కడి లైటు దూరం కొట్టేది కుడివైపుకి. ఆ కారుని తెచ్చి గుంటూరు నుంచి వినుకొండ మీదుగా గిద్దలూరు వైపు పోయే 544డి రోడ్డు మీద రాత్రిపూట తోలితే, డ్రైవరు డిమ్ చేసే ఉన్నా ఎదురొచ్చే మోటారు సైకిలువాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. అదే సమయంలో ఎడమ అంచున, వెనక లైటు లేకుండా మిర్చి టిక్కీలతో యార్డుకి పోతున్న ట్రాక్టరు మీద చాలినంత వెలుతురు పడదు. మిర్చి సీజన్లో ఆ రోడ్డు మీద తిరిగినవాళ్లకి దీని సంగతి ఇంకా వివరించక్కర్లేదు. వెనక ఇండికేటర్లూ అంతే: అమెరికాలో అవి ఎర్రగా ఉండొచ్చు, మన దగ్గర నారింజ రంగులోనే వెలగాలి. ఎర్ర లైటు కొట్టుకుంటుంటే బ్రేకు వేశాడా, పక్కకి తిరుగుతున్నాడా అన్నది వెనకవాడికి ఆ క్షణంలో తెలియదు.

లైట్లు మార్చుకోవచ్చు, స్టీరింగ్ కూడా మార్పించుకోవచ్చు అంటారు. స్టీరింగ్ మార్చడమంటే చక్రం ఊడదీసి అటు పక్క బిగించడం కాదు. కింద స్టీరింగ్ ర్యాక్ మారాలి. పెడల్సు, బ్రేకు బూస్టరు అవతలి పక్కకి పోవాలి, దానికి ఇంజను గదికీ క్యాబిన్‌కీ మధ్యనున్న ఇనుప గోడకి కొత్త కంతలు కొట్టాలి, పాతవి పూడ్చాలి. డాష్‌బోర్డు వెనక అడ్డంగా ఉండే దూలాన్ని కోసి అతుకు వెయ్యాలి. గుద్దుకున్నప్పుడు స్టీరింగ్ కాలమ్ డ్రైవరు గుండెల మీదికి రాకుండా పట్టుకోవాల్సింది ఆ దూలమే. డ్రైవరు ముందుండే ఎయిర్‌బ్యాగు ఒక సైజు, పక్క సీటు ముందుండేది ఇంకో సైజు. రెండూ ఎంత వేగంగా, ఏ క్షణంలో తెరుచుకోవాలో కంపెనీ ఎన్నో కార్లని గుద్దించి తేల్చింది. షెడ్డులో మార్చిన కారుని ఎవరూ అలా గుద్దించి చూడరు. పైకి నున్నగా, అసలు కారులానే ఉంటుంది. మన చట్టం 52వ సెక్షన్, తయారీదారు చెప్పిన లక్షణాలు మారేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.

అసలు చిక్కు ఇంకొకటుంది. అది చాలామందికి తెలియదు. మన దేశంలో ఒక మోడల్ రోడ్డెక్కాలంటే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126 ప్రకారం నమూనా కారుని ముందుగా గుర్తింపు పొందిన సంస్థకి అప్పగించాలి. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, అహల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) దగ్గర వీఆర్‌డీఈ ఇలాంటివి. బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ చూస్తారు. ఎదురుగా 56 కిలోమీటర్ల వేగంతో, పక్కనుంచి 50 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తారు. నెగ్గితేనే ఆమోదపత్రం. ఐరోపాలోనూ ముందు పరీక్ష, తర్వాతే అమ్మకం. అమెరికాలో అలా కాదు. జాతీయ ప్రమాణాలన్నీ పాటించామని కంపెనీయే తనకు తాను ప్రకటించుకుని డ్రైవరు డోరు అంచున ఒక స్టిక్కరు అంటిస్తుంది. ప్రభుత్వం తర్వాత మార్కెట్లో కార్లు కొని పరీక్షించి, తప్పు దొరికితే వెనక్కి రప్పిస్తుంది. ఆ పద్ధతి అక్కడ పనిచేస్తోంది. కానీ మన అధికారి అడిగే ప్రభుత్వ ఆమోదపత్రం అన్నదే ఆ కారుకి పుట్టలేదు. ఇక్కడే పరీక్ష చేయించుకుందామంటే, ఉన్న ఒక్క కారునీ గుద్దించి చూశాక తోలుకోవడానికి కారుండదు. కంపెనీలకైతే 2018లో ఒక వెసులుబాటిచ్చారు. అంతర్జాతీయ ప్రమాణాలకి సరిపోయిన కార్లని ఏడాదికి 2,500 దాకా ఇక్కడ మళ్లీ పరీక్షించకుండా తేవచ్చు. విడిగా ఒక మనిషి తెచ్చుకునే కారుకి ఆ వెసులుబాటు వర్తించదు.

మిరప పండించే ప్రాంతానికి ఈ వరస తెలిసిందే. ఐరోపాకి పోయే ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 దాటకూడదు. మేమంతా తింటున్న కాయే కదా అంటే అక్కడి రేవులో ఒప్పుకోరు, పరీక్ష కాగితం చూపించాలి. అందుకే గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబు ఉంది. కాయ నాణ్యమైనదే అయినా, తినే దేశం తన కొలతతో కొలిచే తీసుకుంటుంది. కార్ల దగ్గర మనం రేవుకి ఇవతలి పక్కన ఉన్నాం.

పేరు ఒకటైతే కారు ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. కియా సెల్టోస్ తీసుకోండి. కొరియాలో తయారై ఆస్ట్రేలియాలో అమ్మిన సెల్టోస్‌కి అక్కడి పరీక్షలో 2019లో ఐదు నక్షత్రాలొచ్చాయి. మన పెనుకొండ దగ్గర తయారై మన దేశంలో అమ్మిన సెల్టోస్‌ని గ్లోబల్ ఎన్‌క్యాప్ 2020లో పరీక్షిస్తే పెద్దవాళ్ల భద్రతకి మూడే వచ్చాయి. రెండు పరీక్షలూ ఒకటి కాదు, కార్లూ ఒకటి కాదు. ఎయిర్‌బ్యాగుల సంఖ్య నుంచే తేడా. తర్వాత ఇక్కడ కూడా అన్ని రకాల సెల్టోస్‌లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారు. ఇది మనకి బాధ కలిగించే విషయమే, దాచుకోనక్కర్లేదు. విదేశంలో అమ్మే కారు మన దగ్గర అమ్మేదాని కంటే గట్టిదైన సందర్భాలున్నాయి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలిస్తోంది గానీ, దానికి కారు పంపడం కంపెనీల ఇష్టం. అది తప్పనిసరి కావాలని నేను గట్టిగా కోరుకుంటాను. అయితే మన ప్రమాణం పెరగాలని అడగడం వేరు, ఏ ప్రమాణమూ చూడకుండా రేవు తలుపులు తెరవమనడం వేరు.

ఈ కట్టుబాట్లు మన దేశానికే ప్రత్యేకం అనుకోకండి. అమెరికా తన ప్రమాణాలకి సరిపోని విదేశీ కారుని 25 ఏళ్లు నిండేదాకా మామూలుగా లోపలికి రానివ్వదు. పక్కనే ఉన్న కెనడాకి ఉద్యోగం మారిన తెలుగువాళ్లు కూడా అమెరికా కారుని వెంట తీసుకెళ్లాలంటే, ఆ మోడల్ కెనడా అనుమతించిన జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, తనిఖీ చేయించుకోవాలి.

సక్రమంగా తెస్తే ఇంత ఖర్చు, ఇంత చిక్కు కాబట్టే దొంగదారి పుట్టింది. 2025 మేలో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు హైదరాబాద్‌కి చెందిన ఒక ఖరీదైన కార్ల వ్యాపారిని అరెస్టు చేశారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి, అమెరికా, జపాన్‌లలో కొన్న కార్లని దుబాయ్‌కో శ్రీలంకకో చేర్చి, అక్కడ ఎడమ స్టీరింగ్‌ని కుడివైపుకి మార్పించి, ధర తగ్గించి చూపిన నకిలీ కాగితాలతో మన దేశంలోకి దించారు. ఎగ్గొట్టిన సుంకం దాదాపు 25 కోట్లని అంచనా కట్టారు. కేసు తేలాల్సింది కోర్టులో. అదే ఏడాది సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు భూటాన్ నుంచి అక్రమంగా తెచ్చారంటూ పదుల కార్లు పట్టుకున్నారు. పత్రికలు సుంకం లెక్కలే పెద్దగా రాశాయి. నాకు మాత్రం కోసి అతికించిన ఆ దూలాలే కళ్లముందు మెదిలాయి. ఆ కార్లలో కూర్చునేది మనుషులే కదా.

ఇలాంటి కార్లు రెండు మూడు చేతులు మారి, చివరికి సగం ధరకి జిల్లాల్లోకి దిగుతాయి. పత్తికో మిర్చికో మంచి ధర పలికిన ఏడాది "హైదరాబాద్‌లో ల్యాండ్ క్రూజర్ చవగ్గా వస్తోందన్నా" అని మధ్యవర్తి వస్తే, ఆర్సీ చూసి తృప్తిపడకండి. ఆర్సీ ఉన్నంత మాత్రాన దిగుమతి సక్రమమైందని కాదు. కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ అడగండి. అందులో రాసిన చాసిస్ నంబరుని కారు మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ నంబరుకి మామూలుగా పదిహేడు గుర్తులుంటాయి, మొదటిది కారు పుట్టిన చోటు చెబుతుంది. 1, 4, 5 అమెరికా. జే జపాన్. డబ్ల్యూ జర్మనీ. మన దేశంలో చేసినవి ఎం అక్షరంతో మొదలవుతాయి. కుడి స్టీరింగ్ కారు నంబరు 1తో మొదలైతే వెంటనే అనుమానించక్కర్లేదు, కొన్ని మోడళ్లని అమెరికాలోనే కుడి స్టీరింగ్‌తో కూడా తయారుచేస్తారు. కానీ ఆ మోడల్‌ని కంపెనీ అలా చేస్తుందో లేదో తెలుసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడో దూరపు రాష్ట్రంలో, ఆ ఊరితో ఏ సంబంధమూ లేని మనిషి పేరున ఉంటే ఇంకా జాగ్రత్తపడాలి. కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద జప్తు అయ్యేది సరుకు. తెలియక కొన్నామన్నా, అప్పటికి ఎవరి ఇంటి ముందుంటే వాళ్ల ఇంటి ముందునుంచే తీసుకెళ్తారు.

తిరిగొచ్చేవాళ్లు కారుని అక్కడే అమ్ముకోవడం మేలు. అయితే కారుకి బదులు ఒకటి తెచ్చుకోవచ్చు. ప్రమాదాలు, క్లెయిములు లేకుండా నడిపినందుకు అక్కడి బీమా కంపెనీ ఇచ్చే లేఖ. విదేశీ పాలసీ ముగిసిన మూడేళ్లలోపు ఇక్కడ పాలసీ తీసుకుంటే, ఆ నో క్లెయిమ్ బోనస్‌ని ఇక్కడ కూడా లెక్కలోకి తీసుకునే నిబంధన మన మోటారు టారిఫ్‌లో ఉంది. కొత్త కారు ప్రీమియం ఆ మేరకు తగ్గుతుంది. అక్కడి పాలసీ రద్దు చేసుకునే రోజునే ఆ లేఖ అడిగి తీసుకోవాలి, ఇక్కడికొచ్చాక తెప్పించుకోవడానికి నెలలు పట్టొచ్చు.