పేటలో హాలు: అది ఎవరి వారసత్వం?

గోదావరి డెల్టాలో వారసత్వ కట్టడాలు ఏవని అడిగితే జవాబు ఠక్కున వస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, 1890లో వీరేశలింగం రాజమండ్రిలో కట్టించిన టౌన్‌హాలు, పాత గుళ్ళు, జమీందారుల కోటలు. ఇవి చరిత్ర కాదని మేం అనడం లేదు. అయితే ఆ ఆనకట్ట నీళ్ళతో పారిన చేలల్లో ఊడ్చి, కోసి, కుప్పలేసి, నూర్చిన మాల మాదిగలు తమకోసం కట్టుకున్నది ఈ జాబితాలో ఒక్కటైనా ఉందా? లేదు. ఎందుకు లేదన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో పేటల్లో కమ్యూనిటీ హాళ్ళు, అంబేడ్కర్ భవనాలు లేచాయి. కొన్ని చందాలతో, కొన్ని ప్రభుత్వ నిధులతో, కొన్ని రెండూ కలిపి. చూడ్డానికి ఏముంటుంది? నాలుగు గోడలు, పెంకులో రేకులో స్లాబో, గోడమీద శిలాఫలకం, ముందు ఒక అరుగు. అందంకోసం చూసేవాడి కన్ను దానిమీద ఆగదు. కానీ అసలు ఆ హాలు ఎందుకు అవసరమైందో ముందు తెలుసుకోవాలి.

ఊళ్ళో రచ్చబండ ఉంది, గుడి మండపం ఉంది, సత్రం ఉంది. వాటిలో వాడవాళ్ళకి చోటు లేదు. చట్టాలు వచ్చాయి: 1947లో మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టం, 1950లో రాజ్యాంగం 17వ అధికరణం, 1955లో అస్పృశ్యత నేరాల చట్టం. కాగితం మీద తలుపులు తెరుచుకున్నాయి. ఊళ్ళో మాత్రం చోటు అడిగితే పని మానిపించేవాళ్ళు ఉన్నారు. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకోబోతే దళితులు సాంఘిక బహిష్కరణను ఎదుర్కోవలసి వచ్చింది. ఇది పాత కాలపు కథ కాదు. అందుకే ఎవరినీ అడగక్కర్లేకుండా కూర్చునే చోటు మనకి విలాసం కాదు, రాజకీయ అవసరం.

ఆ అవసరానికి పునాది యుద్ధం ముగియకముందే పడింది. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ పత్రిక నడిపాడు. 1942లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఏర్పడింది. 1944 సెప్టెంబరులో, వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ ఈ ప్రాంతంలో పర్యటించారు. కోనసీమలో బొజ్జా అప్పలస్వామి ఫెడరేషన్ పనిని ముందుకి తీసుకెళ్ళారు. ఇంత ఉద్యమానికి సభ పెట్టుకునే చోటు కావాలి కదా. రాత్రిబడి, ఏప్రిల్ 14 జయంతి, డిసెంబరు 6 వర్ధంతి, పెళ్ళి, పంచాయితీ, కూలిరేట్ల చర్చ, తుఫానులో తలదాచుకోవడం - తాటాకు ఇళ్ళ పేటలో గట్టి గోడలున్న ఒక్క హాలే వీటన్నిటికీ చాలాచోట్ల దిక్కయింది.

ఇలాంటి అనుభవం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో తెల్లవాళ్ళ మేసన్ లాడ్జీలు నల్లవాళ్ళని రానివ్వలేదు. 1775లో బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతీయుడు, అతని తోటివాళ్ళు మేసన్లుగా చేరి, తర్వాత తమ సొంత లాడ్జి పెట్టుకున్నారు. ఆ పరంపరలోదే మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో 1955లో కట్టిన స్ట్రింగర్ గ్రాండ్ లాడ్జి. పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ ఆఫీసు అందులోనే ఉండేది. 1963లో ఆయన హత్య తర్వాత అంత్యక్రియల సభ కూడా అక్కడే జరిగింది. అట్లాంటాలోని ప్రిన్స్ హాల్ మేసన్ల భవనంలో మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థ తొలి ఆఫీసు నడిచింది. 2018లో ఆ భవనాన్ని కింగ్ పేరుతో ఉన్న జాతీయ చారిత్రక పార్కులో కలిపారు. లాడ్జి సభ్యుల చందాలతో నిలిచిన హాలు జాతీయ వారసత్వం అయింది.

మన చట్టం సంగతి వేరు. 1958 కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవడానికి కనీసం 100 ఏళ్ళుండాలి. అమెరికా జాతీయ రిజిస్టరులో మామూలుగా 50 ఏళ్ళు చాలు. 1950లో కట్టిన హాలు మన చట్టం కంటికి ఆనాలంటే 2050 దాకా నిలవాలి. ఉప్పుగాలి, వరదలు, తుఫానులు ఉన్న డెల్టాలో ఎన్ని నిలుస్తాయి? రాయితో కట్టగలిగినవాడి చరిత్ర మిగులుతుంది, సున్నం ఇటుకతో కట్టినవాడిది కూలిపోతుంది. వయసు నిబంధన చూడ్డానికి కులం లేనిదే. దాని ఫలితానికి మాత్రం కులం ఉంది.

ప్రమాదం బయటినుంచే వస్తుందనుకోవద్దు. ముంబయి దాదర్‌లో అంబేడ్కర్ భవనాన్ని, ఆయన పత్రికలు అచ్చయిన బుద్ధభూషణ్ ప్రెస్సుని 2016 జూన్ 25న తెల్లవారకముందే కూల్చేశారు. కూల్పించింది అంబేడ్కరే స్థాపించిన ట్రస్టు. శిథిలమైందన్నారు, బహుళ అంతస్తుల కొత్త భవనం కడతామన్నారు. వేలమంది వీధుల్లోకొచ్చారు, కానీ పోయిన ప్రెస్సు తిరిగిరాలేదు. మన పేటల్లోనూ పాత హాలు తీసేసి కొత్త స్లాబు వేస్తే అభివృద్ధి అనుకుంటాం. కొత్తది కట్టొద్దని మేం అనడం లేదు. పాతదాన్ని ఎవరు, ఏ పోరాటంతో కట్టారో రాసి పెట్టకుండా పడగొట్టొద్దంటున్నాం.

మరి విలువ ఎలా కట్టాలి? మూడు ప్రశ్నలు వేద్దాం. ఆ స్థలం ఎలా వచ్చింది? పట్టానా, పోరంబోకా, ఎవరైనా ఇచ్చిందా? ఎవరి డబ్బు, ఎవరి రెక్కల కష్టం? అక్కడ ఏం జరిగింది? శిలాఫలకం మీద మంత్రిగారి పేరుంటుంది, ఇటుకలు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఉండవు. అవి ముసలివాళ్ళ నోటిలోనే ఉన్నాయి. చందా పుస్తకాలు, సభ కరపత్రాలు, పాత ఫొటోలు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. ముందు వాటిని వెతకాలి, నకళ్ళు తీయాలి, హాలు కొలతలు తీసి బొమ్మ గీయాలి. చదువుకున్న పేట పిల్లలే ఈ పని చేయగలరు.

2022 మే 24న అమలాపురం తగలబడింది ఒక జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకే. పేరుకే అంత కోపమొస్తే, ఆ పేరుతో దశాబ్దాలుగా నిలబడ్డ హాళ్ళ బరువెంతో తెలుసుకోవాలి. ఆ బరువుని ప్రభుత్వం కంటే ముందు మనం గుర్తించాలి. మన జాబితా మనమే రాసుకోవాలి.