రెండు తీగలు, ఒక్క వరుస

కంప్యూటరు వెనుకనున్న వేయి మెగాబిట్ల నెట్‌వర్కు కేబులు ప్రక్కన అట్టిదే మఱియొకటి తగిలించి, ఆ రెండింటిని బాండింగ్ అను ఏర్పాటుచేత ఒక్కటిగా ముడివేసి, పిమ్మట ఒక పెద్ద ఫైలును వేఱొక కంప్యూటరునకు పంపి చూచినచో, వేగము రెండింతలు గాక యెప్పటివలెనే ఒక్క తీగ వేగమే యేల కనబడుచున్నదని అంబాజీపేటలో ఒక విద్యార్థి నన్నడిగెను. లైనక్సులో ఆ యేర్పాటును తానే చేసి, ఎంత వెదకినను దోషము కానరాక, పుస్తకములోని మాటకును తెఱమీది అంకెకును పొత్తు కుదరక అడిగిన ప్రశ్న యది. దానికి సరియైన సమాధానము చెప్పబూనినచో ఈ యుపాయము పుట్టిన కథనే మొదటినుండి చెప్పవలసి వచ్చును.

కొబ్బరి వర్తకమునకు ప్రసిద్ధిగన్న ఆ ప్రాంతమున పీచుత్రాడు పేనుట చూడనివారరుదు. మూడు పురులు కలిపి పేనిన త్రాటికి బరువు కట్టినచో అది మూడింటిమీదను పడును. ఒక పురి తెగినను మిగిలినవి కొంతవఱకు నిలుపును. బాండింగునందలి తీగలకు ఈ రెండవ గుణము సంపూర్ణముగా కలదు. మొదటిది మాత్రము ఒక నియమమునకు లోబడి కలదు. సామాన్యముగా వాడు పద్ధతులలో ఒకే బరువును రెండు తీగలు కలిసి మోయవు. వచ్చిన బరువులలో కొన్నింటిని ఒకటియు, కొన్నింటిని మఱొకటియు మోయును. విద్యార్థి పంపిన ఫైలు ఒక్క బరువే గనుక అది యొక తీగమీదనే పోయినది, రెండవది ఊరకుండినది.

లైనక్సులో ఈ విద్య పుట్టినప్పటి సంకల్పము వేఱు. 1994లో అమెరికాలోని నాసావారి గొడార్డ్ కేంద్రమున థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అను ఇరువురు, అంగడిలో దొరకు సామాన్యమైన కంప్యూటర్లను 16 తెచ్చి, ఒక్కటిగా కూర్చి, మిక్కిలి విలువగల సూపర్‌కంప్యూటర్లు చేయు పనిని వానిచేత చేయింపబూనిరి. బేవుల్ఫ్ అని ఆ కూర్పునకు పేరు. దానిలోని 486 జాతి ప్రాసెసర్లు లెక్క చేయు వేగమునకు, నాటి ఈథర్‌నెట్టు సెకనుకు మోయగల 10 మెగాబిట్లు చాలకుండెను. స్విచ్చిలు కొందమన్నచో వాని వెల అందుబాటులో లేదు. లైనక్సునకు ఈథర్‌నెట్టు డ్రైవర్లను అనేకము వ్రాసియిచ్చిన బెకర్, ప్రతి కంప్యూటరునకును రెండేసి కార్డులు అమర్చి, రెండు వేర్వేరు నెట్‌వర్కులు పఱచి, సమాచారపు ముక్కలైన ప్యాకెట్లలో మొదటిదానిని ఒక తీగపైనను, రెండవదానిని మఱొక తీగపైనను, మూడవదానిని మరల మొదటి తీగపైనను పంపునట్లు తన డ్రైవరును దిద్దెను. వంతులవారీగా పంచు ఈ పద్ధతి నేటికిని లైనక్సు బాండింగులో సున్నసంఖ్యగల పద్ధతిగా నిలిచియున్నది. రెండు కంప్యూటర్ల నడుమ నడచు ఒక్క సంభాషణను రెండు తీగలపై నడుపగలది యిది యొక్కటియే. విద్యార్థి కోరినది దీనినే.

అయినను దీనిని సామాన్యముగా వాడవలదని నేను చెప్పుదును. ఏలయన, రెండు తీగలపై క్రమముగా బయలుదేఱిన ప్యాకెట్లు ఆ క్రమముననే చేరునను నిశ్చయము లేదు. పుచ్చుకొను కార్డు ప్రతి ప్యాకెట్టునకును ప్రాసెసరును పిలువక, కొన్ని పోగుచేసి యొక్కమాఱు అప్పగించును. మొదటి కార్డు 1, 3, 5, 7 సంఖ్యలవానిని ముందుగా నప్పగించి, రెండవ కార్డు 2, 4, 6, 8 సంఖ్యలవానిని తరువాత నప్పగించినదనుకొందము. టీసీపీ అను నియమావళి ఒకటి తరువాత మూడు వచ్చుట చూచి, రెండు రాలేదని పంపినవానికి చెప్పును. ఐదు రాగా మరల అదే చెప్పును. ఏడు రాగా మూడవమాఱు చెప్పును. ఒకే మాట మూడుమాఱులు తిరిగి వినబడినచో, పంపువాడు ఆ ప్యాకెట్టు దారిలో నశించినదని తలచి, దానిని మరల పంపుటయేగాక, మార్గము క్రిక్కిఱిసియున్నదని యెంచి తన వేగమును గణనీయముగా తగ్గించుకొనును. నశించినదేదియు లేదు, వరుస తప్పినదంతే. రెండవ తీగ వేసి సంపాదింపదలచిన వేగమును ఈ విధముగా రెండవ తీగయే హరించును.

వరుస చెడకుండుటకు మార్గమొకటి కలదు: ఒక సంభాషణకు చెందిన ప్యాకెట్లన్నియు ఒకే తీగపై పోవలెను. కాని వేలకొలది సంభాషణలు క్షణక్షణము పుట్టి గిట్టుచుండు చోట ఏది యే తీగకు చెందినదో పట్టికలో వ్రాసియుంచి, ప్రతి ప్యాకెట్టునకును ఆ పట్టికను వెదకుట ఎంత శ్రమ! ఇచ్చటనే నాకు మిక్కిలి ప్రియమైన యుక్తి కలదు. పట్టిక అక్కఱలేదు, జ్ఞాపకమును అక్కఱలేదు, ప్యాకెట్టు నుదుట వ్రాసియున్న చిరునామాలనుండియే తీగను లెక్కకట్టవచ్చును. చిరునామాలు మాఱనంతకాలము లెక్క మాఱదు గావున సంభాషణ తీగ మాఱదు. దీనినే హ్యాష్ అందురు.

లెక్కను దగ్గఱనుండి చూడుడు. పంపు కార్డు చిరునామా చివర 26, పుచ్చుకొను కార్డు చిరునామా చివర 63 అను సంఖ్యలున్నవనుకొందము. కంప్యూటరు భాషలో 26 అనగా 00011010. 63 అనగా 00111111. ఒకదానిక్రింద నొకటి వ్రాసి, అంకెలు సమానమైన చోట సున్నయు, భిన్నమైన చోట ఒకటియు వేసికొనుచు పోగా 00100101 వచ్చును, అది 37. తీగలు రెండు గావున 37ను 2చేత భాగించిన శేషము 1. ఆ ప్యాకెట్టు ఒకటవ సంఖ్యగల తీగపై పోవును. ప్యాకెట్టు జాతిని దెలుపు సంఖ్యను గూడ ఇందు కలుపుదురు గాని, ఐపీ నాలుగవ రూపమునకు చెందిన ప్యాకెట్లకు అది సరిసంఖ్య యగుటచే రెండు తీగల విషయమున ఫలితము మాఱదు. తఱచి చూచినచో రెండు చిరునామాల చివరి సంఖ్యలును సరియైనను, రెండును బేసియైనను సున్నసంఖ్య తీగ. ఒకటి సరియు నొకటి బేసియునైనచో ఒకటవ తీగ. ఇంతటి స్వల్పగణితము ఒక సర్వరునుండి బయలుదేఱు ప్యాకెట్లనన్నిటిని కలహము లేక పంచుచున్నది!

అయితే ఈ స్వల్పతయందే ఒక గోతి కలదు. ఒక కార్యాలయపు సర్వరు బయటి లోకముతో మాటలాడునప్పుడు, అవతలివారు లక్షమందియైనను, ప్యాకెట్లపై కార్డు చిరునామాగా నుండునది వారిది కాదు, నడుమనున్న రూటరుది. కావున లక్ష సంభాషణలకును లెక్క ఒకే సమాధానము చెప్పును; అన్నియు ఒక తీగపై మూగి, రెండవది శూన్యముగా నుండును. దీనికి విరుగుడు ఐపీ చిరునామాలను, పోర్టు సంఖ్యలను గూడ లెక్కలో చేర్చుట. మూడవ పొర, నాలుగవ పొర కలిపిన హ్యాష్ అని ఏర్పాటు పత్రములో వ్రాసినచో, ఒకే యింటినుండి వచ్చిన రెండు సంభాషణలైనను వేర్వేరు తీగలు పట్టవచ్చును. ఒకరి పనికి వేగము పెరుగదు. పలువురు ఒక్కమాఱు పనిచేయునప్పుడు ఒకరి మూలమున మఱొకరు నిలిచిపోవుట తగ్గును.

ఇక తీగ తెగినప్పటి సంగతి. గోదావరి పాయలకును సముద్రమునకును నడుమనున్న కోనసీమలో ఇది పుస్తకవిషయము కాదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో ఎన్ని కొబ్బరిచెట్లు కూలెనో చూచినవారికి, చెట్ల నడుమ వ్రేలాడు తీగయొక్క ఆయువెంతయో తెలియును. 2016 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబరు గ్రిడ్డును ఆరంభించినదియు ఈ సీమలోని మోరి గ్రామముననే. ఆ ఫైబరును చాలవఱకు విద్యుత్ స్తంభములమీదుగానే లాగిరి. స్తంభమొకటే యైనచో దానిపై రెండు తీగలు లాగినను, కూలిన చెట్టు దృష్టిలో అవి యొకటియే. కావున రెండవ తీగకు రెండవ దారి చూపుట ఏర్పాటు పత్రముకంటె ముందు చేయవలసిన పని.

ఒకటి పనిచేయుచు రెండవది కాచుకొనియుండు పద్ధతిలో, తెగినదని తెలిసికొనుట యెట్లు? సామాన్యముగా ప్రతి 100 మిల్లీసెకనులకు ఒకమాఱు బాండింగు డ్రైవరు కార్డునడుగును: సంకేతమున్నదా? లేదని చెప్పినంతనే రెండవ తీగకు మాఱును. ఈ మిల్లీసెకనుల సంఖ్యను సున్నగా నుంచినచో ఈ కావలి యుండనే యుండదు. కాని కార్డునకు కనబడునది ప్రక్కనున్న స్విచ్చివఱకే. స్విచ్చికి ఆవల తీగ తెగియున్నను ఈవల దీపము వెలుగుచునే యుండును. డ్రైవరు నిశ్చింతగా నుండును. ప్యాకెట్లు అంధకూపమున పడుచుండును. అట్టిచోట కావలి రీతి మార్చి, దూరమందున్న రూటరును పేరుపెట్టి ఏఆర్‌పీ అను చిరునామా ప్రశ్నలడుగుచు, జవాబు రానిచో మార్గము చెడినదని యెంచునట్లు చేయవలెను. దీపమును చూచుటకంటె జవాబును వినుట మేలని నా యభిప్రాయము.

మాఱిన తరువాతనైనను పని ముగియదు. తీగలు రెండు వేర్వేరు స్విచ్చిలకు పోయినచో, వానికి పైనున్న స్విచ్చి ఈ సర్వరు చిరునామా పాత దారిలోనే యున్నదని తన పట్టికలో వ్రాసికొనియుండును. ఆ వ్రాత అనేక స్విచ్చిలలో 300 సెకనులవఱకు చెఱగదు. అందుచే మాఱినవెంటనే బాండింగు, ఎవరు నడుగకయే, నేనిక్కడనున్నానని క్రొత్త తీగపై ఒక ఏఆర్‌పీ ప్రకటన పంపును. దానిని చూచి స్విచ్చిలు తమ పట్టికలు దిద్దుకొనును. తెగిన తీగ బాగుపడినప్పుడు మాత్రము తొందర కూడదు. ప్యాకెట్లు చుట్టు తిరుగకుండ కాచు స్పానింగ్ ట్రీ అను నియమము నడచు స్విచ్చి, సంకేతము వచ్చిన పిమ్మటగూడ 30 సెకనులు ఆ దారిని మూసియుంచవచ్చును; కావున అంతకాలము ఆగి తిరిగి వాడునట్లు ఏర్పాటులో ఆలస్యము వ్రాసికొనవలెను.

మిగిలిన చరిత్రము త్వరగా చెప్పవచ్చును. భారతసంతతివాడైన వినోద్ భరద్వాజ్ స్థాపకులలో నొకడుగా నున్న కల్పన అను అమెరికా సంస్థ 1990వ దశకపు ఆరంభముననే స్విచ్చిల నడుమ ఇట్టి ముడిని ఈథర్‌చానల్ అను పేర వేసెను. 1994లో సిస్కో ఆ సంస్థను కొనెను. ఎవరి ముడి వారిదియై యుండగా, 2000లో ఐఈఈఈ అను సంస్థవారు అందఱకును ఒకే ప్రమాణమును ఏర్పఱచిరి. దానిలోని ఎల్‌ఏసీపీ నియమమున రెండు కొనలును సెకనుకొకమాఱు గాని 30 సెకనులకొకమాఱు గాని సందేశములు పంపుకొనుచు, మూడు సందేశముల కాలము మౌనమైన తీగను కట్టనుండి విప్పివేయును. 2008లో ఆ ప్రమాణమును వేఱొక శాఖకు మార్చిరి. బాండింగునకు పోటీగా టీమ్ అను పేర మఱియొక డ్రైవరు లైనక్సులో వచ్చెను. రెడ్ హ్యాట్ వారు కొంతకాలము దానిని మెచ్చి, తమ తొమ్మిదవ సంచికలో మరల బాండింగునే వాడుడని చెప్పిరి.

ఇక రెండు వేర్వేరు కంపెనీలవద్ద ఇంటర్నెట్టు కనెక్షనులు తీసికొన్న వర్తకులు వానిని గూడ ఇట్లే ముడివేయవచ్చునా యని అడుగుచుందురు. వీలుకాదు. బాండింగునకు రెండు తీగల యవతలి కొనయు ఒకే నెట్‌వర్కునకు చేరవలెను. ఇచట ఒక్కొక్క కంపెనీ వేఱొక ఐపీ చిరునామా నిచ్చును, ఒకదానిపై మొదలైన సంభాషణను రెండవది గుర్తింపదు. వారు కొనవలసినది బయటి కనెక్షనులకు రెండు వాన్ ద్వారములుగల రూటరు. దానిలో, ఒక కనెక్షను పోయినప్పుడు నడుచుచున్న సంభాషణలు తెగి, క్రొత్తవి రెండవదానిపై మొదలగును.