పారిపోతున్న నిందితుడిని పోలీసులు కాల్చొచ్చా? చట్టం ఏం చెబుతోందంటే..

నిందితుడు పరుగు.. వెనకాల పోలీసుల పరుగు. ఇలాంటి వీడియో ఫోన్‌లో కనిపిస్తే చాలు, ‘కాల్చి పారేయండి సార్’ అనే కామెంట్లు వరుసగా పడిపోతాయి. నిజంగా పోలీసులకు ఆ హక్కు ఉందా? దీనికి జవాబు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో ఉంది.

వెంటాడే విషయంలో మాత్రం పోలీసులకు హద్దుల్లేవు. వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగలిగే కేసైతే, సెక్షన్ 45 ప్రకారం దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు. జహీరాబాద్‌లో తప్పించుకున్నవాడు బీదర్‌లో దూరినా ‘అది వేరే రాష్ట్రం’ అని ఆగాల్సిన పనిలేదు. అయితే పట్టుకున్నాక ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాల్సిందే.

ఎవరింట్లోనైనా దాక్కుంటే? పోలీసులు తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి తలుపు తీయమని అడగాలి. తీయకపోతే పగలగొట్టి లోపలికి వెళ్లొచ్చని సెక్షన్ 44 చెబుతోంది.

అసలు చిక్కు సెక్షన్ 43తోనే. అరెస్ట్‌ను అడ్డుకున్నా, తప్పించుకోవాలని చూసినా ‘అవసరమైన అన్ని మార్గాలూ’ వాడొచ్చని ఇందులో ఉంది. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరం ఆరోపణ లేని వ్యక్తి ప్రాణం తీసే హక్కును ఈ సెక్షన్ ఇవ్వదు. ఉదాహరణకు చైన్ స్నాచింగే తీసుకోండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 304 కింద దానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే. గొలుసు తెంపుకుని పారిపోతున్నాడని ప్రాణం తీస్తామంటే కుదరదు.

మరి హత్య కేసు నిందితుడైతే చంపేయొచ్చా? అదీ కాదు. నేరస్థుడన్న కారణంతో చంపడం పోలీసుల పని కాదని, పట్టుకుని కోర్టు ముందు నిలబెట్టడమే వాళ్ల డ్యూటీ అని 2012లో ఓం ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటివాడు దాడికి దిగితే ఆత్మరక్షణ హక్కు పోలీసులకూ ఉంటుంది. కాకపోతే వెన్ను చూపి పరిగెత్తేవాడి నుంచి ఏం ముప్పు వచ్చిందో వాళ్లు చెప్పుకోగలగాలి.

‘దిశ’ కేసులో ఎదురైంది ఈ ప్రశ్నే. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తుపాకులు లాక్కుని, దాడి చేసి పారిపోబోయారని పోలీసులు చెప్పారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ నలుగురిపై ఉన్నవి మరణశిక్ష పడే స్థాయి ఆరోపణలే. అయినా సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది, 10 మంది పోలీసులపై హత్య అభియోగంతో విచారణ జరపాలని సిఫార్సు చేసింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ రిపోర్ట్ 2022 మేలో బయటికొచ్చింది.

పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే ఏం చేయాలో సుప్రీంకోర్టు 2014లోనే పీయూసీఎల్ కేసులో చెప్పింది. ఎఫ్ఐఆర్ పెట్టాలి. సీఐడీ లేదా వేరే స్టేషన్ పోలీసులు దర్యాప్తు చేయాలి. మేజిస్ట్రేట్ విచారణ కూడా జరగాలి. కాళ్ల మీద కాల్చాం కదా అంటే సరిపోదు.. తీవ్రంగా గాయపడిన కేసులకూ వీలైనంతవరకు ఇవే రూల్స్. కాల్పులు జరిగిన వెంటనే సాహస అవార్డులు, ప్రత్యేక ప్రమోషన్లు ఇవ్వడానికీ వీల్లేదు.