అర్జీ పెట్టి ఏమి లాభం?

తెలుగు బడి కోసమో, తెలుగు ఉపాధ్యాయుని కోసమో ఏళ్ల తరబడి కచేరీల చుట్టూ తిరిగిన సరిహద్దు గ్రామాల కార్యకర్తలను కదిపితే తరచుగా వినవచ్చే మాట ఇదే. సభ పెట్టి పిలిచినా జనం రారు. వచ్చినవారు సంతకం చేయడానికి వెనుకాడుతారు. దీనిని సోమరితనమని తీసివేయుట న్యాయం కాదు. ఈ నిరాసక్తతకు కారణాలున్నవి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు బళ్లారి మైసూరుకు చేరినది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసినది. ఎల్లలు మారినవి గాని ఇంటి భాష మారలేదు. ఇటువంటి వారి రక్షణకై 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో రెండు అధికరణలు చేర్చబడినవి. 350-ఏ ప్రకారం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ప్రతి రాష్ట్రమూ, స్థానిక సంస్థా ప్రయత్నించవలెను. 350-బి ప్రకారం ఈ రక్షణల అమలును పరిశీలించుటకు ఒక ప్రత్యేకాధికారి ఉండవలెను. 1957లో ఆ పదవి ఏర్పడినది.

మరి చిక్కు ఎక్కడ? 'ప్రయత్నించవలెను' అన్నదే గాని గడువు లేదు, జరిమానా లేదు. ప్రత్యేకాధికారి విచారించి రాష్ట్రపతికి నివేదించగలరు. ఆ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చును. రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆజ్ఞాపించే అధికారం మాత్రం ఆయనకు లేదు. ఇది తెలియక ఎదురుచూచిన వారికి ప్రభుత్వంపై నమ్మకం సడలుట సహజమే.

అయితే ఇక్కడ ఒక విషవలయమున్నది. కార్యకర్త విసిగి అర్జీ మానును. తల్లిదండ్రులు పేర్లు ఇవ్వరు. 'కోరినవారు లేరు' అని అధికారి దస్త్రంలో వ్రాయును. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే మరొకరు రారు. అది చూచి ఊరు మరింత నిరాశ పడును. నష్టపోయేది పిల్లలు.

తరగతిలో 10 మంది లేక బడిలో 40 మంది ఉంటే మాతృభాషలో బోధించే ఉపాధ్యాయుని ఇవ్వవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశం అంగీకరించినది. పిల్లల పేర్లను ముందుగా నమోదు చేసే పద్ధతిని 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం ఆమోదించినది. అనగా పట్టికలో లేని బిడ్డ లెక్కలో లేనట్లే.

అడిగినందున ఫలితమున్నదా? తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని పదవ తరగతి వరకు నిర్బంధం చేసినది. భాషాల్పసంఖ్యాక విద్యాలయాలు న్యాయస్థానాలకు వెళ్లగా, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తమిళ పరీక్ష మినహాయింపును మరొక ఏడాది పొడిగించినది. ఇది తాత్కాలిక ఉపశమనమే. అయినను అడిగినందుననే లభించినది.

కావున ఊరివారు చేయదగిన పనులు మూడు. బడులు తెరవక మునుపే పిల్లల పేర్లు, తల్లిదండ్రుల సంతకాలతో పట్టిక సిద్ధం చేయవలెను. అర్జీ రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై కచేరీ ముద్ర, తేదీ వేయించుకొని భద్రపరచవలెను. సమాధానం రాకుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద ఆ అర్జీ ఏమైనదో అడుగవలెను. దీనికి 30 రోజుల గడువున్నది. తగిన కారణం లేక జాప్యం చేసిన అధికారిపై సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 వరకు జరిమానా విధించవచ్చును. దరఖాస్తును ఆంగ్లంలోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని వ్రాయవలెను. యానాంలో తెలుగే చెల్లును. ఇతర చోట్ల కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ చదివిన పిల్లల సాయం తీసుకొనవచ్చును.

ప్రభుత్వాన్ని గుడ్డిగా నమ్మమని ఎవరూ కోరరు. నమ్మకం లేనివారే రసీదు మరింత జాగ్రత్తగా దాచుకొనవలెను.