316 మీటర్ల అతుకు.. వెంట్రుకంత పగులు!

ఆ రాత్రి చలానా మీద సంతకం పెట్టడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. ఆ సంతకం ఖరీదెంతో తెలియడానికి పదిహేను రోజులు పట్టింది.

మే నెల. హైదరాబాద్ శివార్లలో ఒక పెద్ద హాస్టల్. నాకప్పుడు డిప్లొమా అయిపోయి ఏడాది. ట్యాంకులు బిగించే ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్ ఉద్యోగం. పేరు పెద్దదే కానీ పని మాత్రం బోల్టులు లెక్కపెట్టడం, లారీ దింపించడం, ఫోన్లో తిట్లు తినడం.

మేం కట్టే ట్యాంకుల్ని మీరూ చూసే ఉంటారు. ఆసుపత్రుల వెనకాల, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో తెల్లగా, గళ్లు గళ్లుగా, అతి పెద్ద చాక్లెట్ బార్‌లా ఉంటాయి. ఒక్కో గడి ఒక ప్యానెల్. గాజు నారను పాలిస్టర్ రెసిన్‌తో కలిపి, వేడి అచ్చులో ప్రెస్ చేసి తీస్తారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది డిజైన్ కోసం కాదండోయ్, బలం కోసం. అంచులు బయటికి మడిచినట్టు ఉంటాయి. వాటినే ఫ్లాంజ్‌లు అంటాం. బోల్టులు పడేది ఆ ఫ్లాంజ్‌లకే, మా ఉద్యోగాలు ఆధారపడేదీ వాటి మీదే.

ఇదేమీ కొత్త ఐడియా కాదు. ఇనుప రేకుల్ని నాలుగడుగుల చదరాలుగా నొక్కి, సైటులో బోల్టులతో కలిపే ట్యాంకులు వందేళ్ల పైనుంచే ఉన్నాయి. పాత రైల్వే స్టేషన్ల దగ్గర స్తంభాల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. కారణం ఒక్కటే. పెద్ద ట్యాంకును తయారు చేయడం కష్టం కాదు, తీసుకెళ్లడమే కష్టం. మన రోడ్ల మీద మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. మా ట్యాంకేమో 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ముక్కలుగా రావాల్సిందే. పైగా ఆ హాస్టల్ వెనకాలకి వెళ్లే సందులో ఆటో కూడా పట్టదు. గేటు దగ్గర దింపి, ఒక్కో ప్యానెల్‌నీ మనుషులే మోసుకెళ్లాలి.

ఇప్పుడు చిన్న లెక్క. అడుగున 40 ప్యానెళ్లు, గోడలకు 78, పైకప్పుకు 40. మొత్తం 158. వీటి మధ్య అతుకులన్నీ కలిపి కొలిస్తే 316 మీటర్లు వస్తుంది. అందులో నీళ్లు తగిలేదే 223 మీటర్లు. మా ప్యానెల్‌కి ఒక్కో అంచున ఎనిమిది బోల్టులు. అంటే రెండున్నర వేల బోల్టులు! ఆ రెండున్నర వేలల్లో ఏ ఒక్కటి సరిగ్గా లేకపోయినా నీళ్లు కనిపెట్టేస్తాయి. నీళ్ల కంటే స్ట్రిక్ట్ ఇన్‌స్పెక్టర్ని నేనింతవరకూ చూడలేదు.

లారీ వచ్చిన రాత్రి

రెండు రోజులు ప్రయాణం చేసిన లారీ రాత్రి పదకొండింటికి వచ్చింది. అదే టైంకి అకాల వర్షం. డ్రైవర్ అన్న తెల్లారేసరికి ఇంకో లోడు ఎత్తుకోవాలట, "తొందరగా కానీయ్ సారూ" అని ఒకటే గోల. హమాలీలు కూడా తడుస్తున్నారు. ప్యానెళ్లు చెక్క ప్యాలెట్ల మీద గిన్నెలు పేర్చినట్టు ఒకదాంట్లో ఒకటి కూర్చుని వస్తాయి. పై వరుస చూశాను, బాగానే ఉంది. సరుకు మంచి స్థితిలో అందినట్టు సంతకం పెట్టేశాను.

చూడాల్సింది కింది ప్యాలెట్. దాన్ని లారీకి బిగించిన బెల్టు కింద మూలలకి అట్టముక్క కూడా పెట్టలేదు. రెండు రోజులు గతుకుల రోడ్డు మీద బెల్టు ఆ అంచుల్ని నొక్కుతూనే ఉంది. ఇనుమైతే సొట్టపడేది, సొట్ట కంటికి కనిపించేది. ఇది ఫైబర్. సొట్ట పడదు, సన్నగా చీరుకుంటుంది.

మర్నాడు మోయిస్తుంటే ఒక ప్యానెల్ ఫ్లాంజ్ మీద వెంట్రుకంత గీత కనిపించింది. అంచు నుంచి బోల్టు రంధ్రం దాటి లోపలికి పోయింది. ఖర్మ కొద్దీ అది కింది వరుస ప్యానెల్.

చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా గోడ ప్యానెళ్లు ఒకటి కావు. కిందివి మందం, పైకి పోయేకొద్దీ పలచన. ట్యాంకు నిండితే పై వరుసలో ఒక్కో ప్యానెల్ మీద అర టన్ను తోపుడు ఉంటుంది. అదే కింది వరుసలో రెండున్నర టన్నులు. 8 మీటర్ల గోడ మొత్తం మీదైతే 36 టన్నులు! అందుకే లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి స్టీల్ టై రాడ్లు లాగి కడతాం. లేకపోతే గోడలు పొట్టలా ఉబ్బిపోతాయి. కాబట్టి పగిలినదాని బదులు పై వరుస ప్యానెల్ తెచ్చి పెడదామంటే కుదరదు. స్పేర్ లేదు. కొత్తది రావడానికి వారం పడుతుంది. పైగా చలానా మీద నా సంతకం ఉంది.

ఫోన్ తీశాను. ఆఫీసుకి చేద్దామనుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాను. సీలెంట్ ట్యూబు తెచ్చి, గీత మీద వేలితో పూసి, అదే బిగించమని హెల్పర్‌కి చెప్పాను.

మేస్త్రి అన్న

మా మేస్త్రిది జగిత్యాల వైపు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఇవే ట్యాంకులు బిగించి వచ్చిన మనిషి. అక్కడ ఏ బిల్డింగుకి పోయినా ఇవేనట. ఆయన దగ్గర నేర్చుకున్నది నా డిప్లొమాలో ఎక్కడా లేదు.

మొదట అడుగున ఇనుప ఫ్రేమ్ లెవెల్. దాని మీద ఆయన సగం రోజు పెట్టేవాడు. ఫ్రేమ్ ఓ పక్క కొంచెం దిగినా పైన రంధ్రాలు ఒకదానికొకటి కలవవు. అప్పుడు కుర్రాళ్లు రాడ్డు దూర్చి బలవంతంగా కలుపుతారు. ఫ్లాంజ్ పగిలేది అక్కడే. తర్వాత రెండు అంచుల మధ్య రబ్బరు పట్టీ. బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పాలి, వరుస మొత్తం నిలబడ్డాక స్పానర్ పట్టాలి. అది కూడా మధ్యలో మొదలుపెట్టి మూలలకి పోవాలి.

"తమ్మీ, గట్టిగ బిగిస్తె గట్టిగ ఉంటదనుకోకు. పట్టీ బయటికి ఉరికొస్తది, అంచు పగుల్తది. పట్టీ జర ఒత్తుకుంటె సాలు" అనేవాడు.

ఇంకోటి, నాలుగు ప్యానెళ్ల మూలలు కలిసే చోటు. నాలుగు పట్టీల కొసలు అక్కడ కలవాలి. లీకులు ఎక్కువగా వచ్చేది అక్కడే. ఆ చుక్కంత చోట ఆయన తన చేత్తోనే సీలెంట్ పెట్టేవాడు, ఎవర్నీ పెట్టనిచ్చేవాడు కాదు.

పైకప్పు వేశాక లోపలికి దిగి పని చేయడం మాత్రం నరకం. మేలో మూసిన డబ్బా, సీలెంట్ వాసన, మోకాళ్ల ఎత్తులో టై రాడ్లు. మూత తెరిచి, ఫ్యాన్‌తో గాలి కొట్టించి, పైన ఒక మనిషిని కాపలా ఉంచితే తప్ప ఆయన ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను టేపు కోసం ఊరికే దిగబోతే కాలర్ పట్టుకుని లాగాడు.

ఎనిమిది ట్యాంకర్లు

టెస్టింగ్ అంటే మెల్లగా నింపడం. మీటరు నింపి ఆగి చూడాలి, మళ్లీ నింపాలి. బోరు ఎండిపోయింది కాబట్టి అన్నీ కొన్న నీళ్లే. మొదటి మీటరు ఓకే. ఎనిమిదో ట్యాంకర్‌తో రెండు మీటర్లు నిండింది. 80 వేల లీటర్లు. హాస్టల్ వార్డెన్ మేడమ్ వచ్చి, "ఇక పిల్లలు ఉదయం రెండు బకెట్లు పట్టుకోవచ్చా బాబూ?" అని అడిగారు. నేను నవ్వుతూ తలూపాను.

సాయంత్రానికి ఆ ప్యానెల్ దగ్గర చెమట పట్టినట్టు తడి. గంటలో చుక్క. ఇంకో గంటకి చుక్కలు కలిసి సన్నని ధార.

మేస్త్రి అన్న బోల్టు ముట్టుకోలేదు. తడిగుడ్డతో ఫ్లాంజ్ తుడిచి, ఆరేదాకా చూశాడు. చుట్టూ ఆరిపోయింది, పగుల్లో తడి మాత్రం నల్ల గీతలా మిగిలిపోయింది. దాని మీద నా వేలిముద్ర ఉన్న సీలెంట్.

"ఎవలు పూసిన్రు?"

"నేనే అన్నా."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాకు చెప్తె నేనే ఫోన్ చేస్తుంటి గద తమ్మీ" అన్నాడు.

వాల్వు తిప్పక తప్పలేదు. సంపులో 30 వేల లీటర్లు పట్టాయి. మిగతా 50 వేలు, అంటే ఐదు ట్యాంకర్లు, కాలవలోకి. పక్కనే కూలీల షెడ్లు ఉన్నాయి. ఆ ఆడవాళ్లు బిందెలు, డ్రమ్ములు, చివరికి పిల్లల స్నానం టబ్బులు కూడా తెచ్చి పట్టుకున్నారు. ఒకావిడ "రోజూ ఇట్ల వదుల్తరా?" అని ఆశగా అడిగింది. ఏం చెప్పాలో తెలీలేదు.

ఆఫీసుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. సంతకం పెట్టేశాం కాబట్టి రవాణా వాళ్లు బాధ్యత తీసుకోలేదు. ప్యానెల్ ఖరీదు, ట్యాంకర్ల డబ్బులు నా జీతంలో మూడు నెలలు కోశారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మూలలకి అట్ట పెట్టకుండా బెల్టు బిగించిన వాళ్లకి ఒక్క రూపాయి కూడా పడలేదు. అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

తొమ్మిదో రోజు కొత్త ప్యానెల్ వచ్చింది. ముప్పై రెండు బోల్టులు, లోపల టై రాడ్లు విప్పి మార్చాం. ఆ తొమ్మిది రోజులూ హాస్టల్ అమ్మాయిలు మా పక్కనుంచే ఖాళీ బకెట్లతో వెళ్లేవాళ్లు. వార్డెన్ మేడమ్ మళ్లీ నన్నేమీ అడగలేదు. రెండోసారి మూడు మీటర్లూ నింపి ఒక రోజంతా ఉంచితే ఎక్కడా చుక్క కారలేదు.

ఈమధ్య అమెరికా ఆయిల్ ఫీల్డుల్లో వేసే గుండ్రటి ట్యాంకుల వీడియోలు ఫోన్లో తెగ చూస్తున్నాను. 48 మీటర్ల వ్యాసం, అరవై లక్షల లీటర్ల పైమాట. వంచిన ఇనుప గోడల్ని ట్రెయిలర్ల మీద తెచ్చి, క్రేన్‌తో నిలబెట్టి కలిపేస్తారు. నీళ్లు కారకుండా చూసేది లోపలి లైనర్, గోడల పని బలం కాయడం వరకే. ఆ వీడియోల్లో అందరూ క్రేన్‌ని చూస్తారు. నా కళ్లు మాత్రం ట్రెయిలర్ మీద గోడల్ని ఎలా కట్టారు, మధ్యలో ఏం పెట్టారు అని వెతుకుతాయి.

మొన్న ఇంకో సైటుకి లోడు వచ్చింది. మళ్లీ అర్ధరాత్రే. డ్రైవర్ విసుక్కుంటున్నాడు. ఫోన్ టార్చి పళ్ల మధ్య పెట్టుకుని, చేతిలో తడిగుడ్డతో కింది ప్యాలెట్ నుంచి మొదలుపెట్టాను. "ఇంకెంతసేపు సార్?" అన్నాడాయన. "నూట పన్నెండు ఉన్నాయన్నా, ఇరవై అయ్యాయి. టీ తాగి రా" అన్నాను.