ఆపవలసినవి, ఆపకూడనివి

సాయంకాలం ఉపన్యాసం ముగిసిన తరువాత నా వద్దకు వచ్చే భక్తులలో ఎక్కువమంది అడిగేది ఒకే మాట: "స్వామీ, మనసు కుదుటపడడం లేదు. ఏ స్తోత్రం పారాయణ చేయమంటారు?" మామిడికి గిట్టుబాటు ధర లేక దిగులుపడిన బంగారుపాళ్యం రైతు అడుగుతాడు. కుమార్తెను తిరుపతిలో నీట్ శిక్షణకు చేర్చి, అద్దె గదిలో తానూ మేలుకొని కూర్చునే తల్లి అడుగుతుంది. పూర్వం వెంటనే ఏదో ఒక స్తోత్రం చెప్పి పంపేవాడిని. ఇప్పుడు ముందుగా, "రాత్రి నిద్ర పడుతున్నదా?" అని అడుగుతున్నాను. ఈ మార్పుకు కారణం నా స్వానుభవమే.

కొన్నేండ్ల క్రితం మా ఇంట వరుసగా కష్టాలు వచ్చాయి. గృహిణికి శస్త్రచికిత్స జరిగింది, కుమారుని ఉద్యోగం పోయింది, అప్పు పెరిగింది. పగలు సభలో గీత ఆరవ అధ్యాయం వివరించేవాడిని. రాత్రి మూడవ జాము దాకా పడకపై లెక్కలు వేసుకునేవాడిని. ఎవరికీ చెప్పుకోలేదు. పండితుడే బెంగపడితే లోకులేమనుకుంటారోనని అభిమానం. ఒకనాటి ఉదయం, నా వద్ద అమరకోశం చదువుకునే బాలుడు ఒకే శ్లోకంలో రెండుసార్లు తడబడగా, పుస్తకం లాగి విసిరివేశాను. వాడు ఏడవలేదు. పుస్తకం తీసి కళ్ళకద్దుకొని, పీటపై పెట్టి వెళ్ళిపోయాడు. మరునాడు రాలేదు.

ఆ వారమే వైద్యుని దర్శిస్తే రక్తపోటు అధికంగా ఉన్నదన్నారు. మందు వ్రాసి, "ఎన్ని గంటలు నిద్రపోతున్నారు?" అని అడిగారు. తల వంచుకున్నాను. యౌవనంలో చదివిన చరకసంహిత అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

చరకుని విభజన

ఆ గ్రంథంలో సూత్రస్థానం ఏడవ అధ్యాయం వేగాలను గురించినది. వేగమంటే లోపల పుట్టి బయటికి తోసుకువచ్చేది. శరీరానికి సహజమైన 13 వేగాలను ఆపరాదని అక్కడ విధించారు. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత మొదలైనవాటితోపాటు ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవలన కలిగే ఆయాసం కూడా వాటిలో ఉన్నాయి. ఆపవలసినవి వేరు: లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైన మనోవేగాలు, పరుషవాక్యం, అసత్యం వంటి వాగ్వేగాలు, పరహింస వంటి శరీరచేష్టలు.

కన్నీటిని ఆపరాదు, శోకాన్ని ఆపాలి అనడం పరస్పర విరుద్ధం కాదా అనే సందేహం కలుగవచ్చు. కన్నీరు శరీరధర్మం, వచ్చి పోతుంది. శోకం మనసు పదేపదే తిప్పుకునే తలపు, పెంచినకొద్దీ పెరుగుతుంది. కంటిని ఏడవనిచ్చి, తలపును మళ్ళించుకోవాలని నేను గ్రహించిన భావం.

మనం చేస్తున్నది దీనికి తలక్రిందులు. నిద్రను ఫోనుతో ఆపుతున్నాము, ఆకలిని టీతో ఆపుతున్నాము, కన్నీటిని పరువు పేరిట ఆపుతున్నాము. ఆపవలసిన కోపాన్ని మాత్రం ఇంట్లో చిన్నవారిపై వదులుతున్నాము. నేను చేసినదీ అదే.

మెట్లదారి నేర్పే పాఠం

అలిపిరి నడకదారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. పరుగున ఎక్కే యువకులు గాలిగోపురం దగ్గరే చతికిలబడడం చూస్తుంటాము. పది మెట్లకొకసారి నిలిచి గోవిందనామం పలికే ముసలమ్మ మోకాళ్ళ పర్వతం కూడా దాటిపోతుంది. ఆయాసం వచ్చినచోట ఆగడం బలహీనత కాదు, శాస్త్రవిధి. పైగా నామాన్ని దీర్ఘంగా పలికినప్పుడు నిశ్వాసం దానంతట అదే దీర్ఘమవుతుంది. ఊపిరి మెల్లగా విడిస్తే గుండె వేగం నెమ్మదిస్తుందని నేటి వైద్యమూ చెబుతున్నది. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టవలదు. మెల్లగా విడిస్తే చాలు.

నేను పాటిస్తున్నవి స్వల్పం. రాత్రి భోజనం ఎనిమిదింటిలోపు ముగిస్తాను. పది గంటలకు దీపం ఆర్పుతాను. ఫోను వేరే గదిలో ఉంటుంది. అప్పుల లెక్కలు పగటిపూట, గృహిణితో కలిసి, కాగితంపై వేస్తాను. కోపం నాలుక చివరికి వస్తే పదిసార్లు మెల్లగా నామం పలికి, ఆ తరువాతనే మాట్లాడుతాను. కష్టాలు తీరలేదు, మోయగలిగే బరువుకు వచ్చాయి.

అయినా రెండు వారాలపాటు నిద్ర లేకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా వైద్యుని చూడాలి. బ్రతకాలనిపించకపోతే ఒక్కరోజైనా ఆగరాదు. ప్రభుత్వ టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. అది భక్తికి లోపం కాదు. వైద్యుడూ భగవంతుడు చూపిన దారే.

ఆ బాలుని ఇంటికి వెళ్ళి, వాడి తల్లిదండ్రుల ఎదుట "తప్పు నాదే" అన్నాను. ఆ మాట పెగలడం కష్టమైంది. అహంకారమూ ఆపవలసిన వేగమే కదా! పదిరోజులకు వాడు తిరిగి వచ్చాడు. చదువు చక్కగా సాగుతున్నది. కానీ నేను పుస్తకం అందుకోవడానికి చేయి చాపితే నేటికీ కొంచెం వెనక్కి జరుగుతాడు. అది చూసినప్పుడల్లా ఆ రాత్రి త్వరగా దీపం ఆర్పుతాను.

ఏది ఆపాలో, ఏది ఆపరాదో తెలిసే వివేకాన్ని శ్రీనివాసుడు మనందరికీ ప్రసాదించుగాక.